హ్యాట్ ఎగిరిపోయాక పది సెకన్లు: రోడియో క్వీన్ పోటీకి మనసును తయారుచేసుకోవడం ఎలా?

మా అమ్మాయి మొదటి రోడియో క్వీన్ పోటీ అరీనా గేటు బయట పోయింది. లోపల జరిగింది చిన్న పొరపాటే. గుర్రం ఎడమ లీడ్ (పరుగులో ఎడమ ముందుకాలు ముందుండటం) అందుకోలేదు, గుండ్రంగా తిరగాల్సిన చోట కోడిగుడ్డు ఆకారంలో తిరిగింది. మిగతా పిల్లలకీ అలాంటివి జరిగాయి. కానీ మా అమ్మాయి ఊరుకోలేదు, బయటికి వస్తూనే పగ్గాలు విసురుగా లాగి, "ఈ గుర్రం ఒట్టి మొండిది" అంది. కంచె పక్కన కాఫీ తాగుతున్న పెద్దావిడ ఇంటర్వ్యూ జడ్జి అని మాకు తెలియదు. తర్వాత చేతికొచ్చిన మార్కుల కాగితంలో ఒకే ఒక్క వాక్యం ఉంది: గుర్రాన్ని నిందించింది.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇంట్లో ఎన్నిసార్లు అనుకుని ఉంటామో. అది కొలరాడోలో ఒక దుమ్ము మైదానంలో మార్కులు తీసేస్తుందని అనుకోలేదు.

మేం డెన్వర్ పక్కన ఉంటాం. జనవరిలో జరిగే నేషనల్ వెస్టర్న్ స్టాక్ షోకి ఒకసారి వెళ్ళినప్పుడు, జెండా పట్టుకుని గుర్రం మీద దూసుకుపోయిన అమ్మాయిని చూసి మా పిల్ల "నేనూ అలా వెళ్తా" అంది. అక్కడ మొదలైంది. మొత్తం నాలుగు పోటీలు, ఒక చిన్న కౌంటీ కిరీటం, మిగతా మూడూ ఓటములు. ఇప్పుడు ఇక్కడి తెలుగు పిల్లలు ఒకరిద్దరు ఇదే దారిలోకి వస్తూ ఎలా తయారవ్వాలని అడుగుతున్నారు. స్వారీ నేర్పేవాళ్ళు వేరే ఉన్నారు, అది నాకు రాదు. నేను చెప్పగలిగింది మనసు సంగతి.

తెలియనివాళ్ళ కోసం ముందు ఇది. రోడియో క్వీన్‌ని అందాల పోటీ అనుకుంటే సగం తప్పు, కాదనుకుంటే మిగతా సగం తప్పు. రోడియో అంటే ఎద్దుల మీదా గుర్రాల మీదా స్వారీ, తాడుతో పశువుల్ని పట్టడం లాంటి కౌబాయ్ ఆటల పోటీ. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో, కెనడాలో ఆ ఆటకి ప్రతినిధిగా ఏడాదిపాటు తిరిగే అమ్మాయి ఆమె. ఒరెగాన్‌లో పెండిల్టన్ రౌండప్ 1910లో మొదలైంది. అక్కడ రాణి, ఆమె జట్టు అమ్మాయిలు పూర్తి దౌడులో కంచె దూకి పచ్చిక మైదానంలోకి వస్తారు. వయోమింగ్‌లో 1897 నుంచి జరుగుతున్న షయాన్ ఫ్రాంటియర్ డేస్‌లో మిస్ ఫ్రాంటియర్ అంటారు. ఊరి స్థాయిలో, కౌంటీ స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో పోటీలుంటాయి. అన్నిటికీ పైన 1955లో మొదలైన మిస్ రోడియో అమెరికా ఉంది. అది డిసెంబరులో లాస్ వేగాస్‌లో, నేషనల్ ఫైనల్స్ రోడియో జరిగే రోజుల్లోనే జరుగుతుంది. రాష్ట్రాల నుంచి గెలిచి వచ్చిన అమ్మాయిలు అక్కడ పోటీపడతారు.

1. ముందు మార్కులు ఎక్కడున్నాయో చూడండి

మిస్ రోడియో అమెరికాలో మూడు పెద్ద భాగాలు: గుర్రపు స్వారీ, రూపం, వ్యక్తిత్వం. కింది స్థాయి పోటీలు కూడా చాలావరకు ఇదే దారిలో నడుస్తాయి. వాటిలోపలే ఇంటర్వ్యూ, ప్రసంగం, అప్పటికప్పుడు అడిగే ప్రశ్న, రాత పరీక్ష, దుస్తుల ప్రదర్శన వస్తాయి. వయసు, పెళ్ళి, నివాసం నిబంధనలు ఒక్కో పోటీకి ఒక్కోలా ఉంటాయి కాబట్టి నిబంధనల పుస్తకం తెచ్చుకుని చివరి పేజీ వరకు చదవండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

చదివేటప్పుడు ఒక పని చేయండి. మీ మూడ్ పాడైతే ఏ భాగంలో మార్కులు పోతాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. మేం పెట్టి చూస్తే రాత పరీక్ష తప్ప అన్నిటి పక్కనా గుర్తు పడింది. నిజానికి దాని పక్కన కూడా పెట్టాల్సిందే. ఏడ్చి వచ్చి పరీక్ష రాసిన రోజున మా పిల్లకి గుర్రం ఒంటి వేడి ఎంతో గుర్తురాలేదు.

2. లోపల నడిచే మాటలు మార్చండి

"పాజిటివ్‌గా ఉండు" అని పక్కవాళ్ళకి చెప్పడం తేలిక. మేమూ మొదట్లో అద్దం ముందు నిలబెట్టి "నేనే గెలుస్తాను" అని రోజూ అనిపించాం. పోటీ రోజు పొద్దున మొదటి పొరపాటుతోనే ఆ మంత్రం తుస్సుమంది. ఆ మాట నిజమో కాదో తనకే తెలియదు, ఇక మనసు ఎలా నమ్ముతుంది? మనసు నమ్మాలంటే నిజమైన వాక్యం ఇవ్వాలి. "ఈ పాటర్న్ నేను నలభైసార్లు చేశాను" అన్నది నిజం (పాటర్న్ అంటే గుర్రంతో వరసగా చేసి చూపించాల్సిన కదలికలు). "జడ్జి అడిగేదాంట్లో చాలావరకు నాకు తెలుసు" అన్నది నిజం. అలాంటివి నాలుగైదు పోగేసుకోండి. పోగేయడానికి ఏమీ దొరకకపోతే ఇంకా సాధన సరిపోలేదని అర్థం, అదీ తెలిసినట్టే.

తర్వాత ఒక నోటుబుక్కు తీసి పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మీ చేతిలో లేనివి రాయండి. లాటరీలో వచ్చే గుర్రం, వాన, జడ్జి ఇష్టాయిష్టాలు, పక్కమ్మాయి జీను ఖరీదు. మా అమ్మాయి ఇంకోటి రాసింది: "మైకులో నా ఇంటిపేరు ఎలా పలుకుతారో." కుడివైపు చేతిలో ఉన్నవి రాయండి. కొన్ని ఎడమ నుంచి కుడికి జరపొచ్చని రాస్తుంటేనే తెలుస్తుంది. ఇంటిపేరు సంగతే తీసుకోండి. పలకాల్సినట్టే విడివిడి ముక్కలుగా రాసిన కార్డు అనౌన్సర్‌కి ముందే ఇచ్చి, ఒకసారి పలికి వినిపించి, నవ్వి వచ్చేసింది. ఆయన ఆరోజు తప్పే పలికాడు, కానీ కష్టపడి తప్పు పలికాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఇంకో చిన్న మెలకువ. ఒంటికి "వద్దు" అని చెప్తే అర్థం కాదు, ఏం చేయాలో చెప్పాలి. "హ్యాట్ పడకూడదు, పడకూడదు" అనుకుంటే మెడ బిగుసుకుంటుంది. దాని బదులు "గడ్డం నిటారుగా" అనుకోండి. "వణక్కు" అనే బదులు "మడమలు కిందికి" అనుకోండి. ఇంట్లోవాళ్ళు కూడా గట్టు మీంచి అరిచేటప్పుడు ఇలాగే అరవాలి. "పడిపోతావే, జాగ్రత్త!" అని తెలుగులో కేక వేసిన తల్లిని నేనే.

3. చదువు, ధైర్యం దానంతటదే వస్తుంది

భయంలో పెద్ద భాగం తెలియకపోవడమే. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. రోడియో నియమాల్లో ముందు ఇవి పట్టుకోండి. ఎద్దు మీదా, మనిషిని పడేయాలని కుప్పించి ఎగిరే గుర్రాల మీదా స్వారీ 8 సెకన్లు, మొత్తం 100 మార్కులు, అందులో సగం జంతువుకే. ఖాళీ చెయ్యి జంతువుకి తగిలితే స్కోరు లేదు. డ్రమ్ముల చుట్టూ గుర్రాన్ని పరిగెత్తించే బ్యారెల్ రేస్‌లో డ్రమ్ము పడితే 5 సెకన్లు కలుపుతారు. తాడు ఆటల్లో పశువుకి ఇవ్వాల్సిన వెసులుబాటు ఇవ్వకుండా అడ్డుతాడు తెంపుకుని దూకితే 10 సెకన్లు. జట్టు తాడాటలో పశువు వెనక కాళ్ళు రెంటికి బదులు ఒకటే తాడులో పడితే 5.

గుర్రం సంగతుల్లో ఒంటి వేడి 99 నుంచి 101.5 ఫారన్‌హీట్, నాడి విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44, ఎత్తు కొలిచే ఒక 'హ్యాండ్' అంటే 4 అంగుళాలు, చూలు దాదాపు 11 నెలలు. ఒక్కో అడుగు వరసలో గిట్టల చప్పుళ్ళు నడకలో నాలుగు, ట్రాట్‌లో (చిన్న పరుగు) రెండు, లోప్‌లో (నింపాది దౌడు) మూడు. దగ్గర్లో ఉంటే కొలరాడో స్ప్రింగ్స్‌లో 1979లో తెరిచిన ప్రోరోడియో హాల్ ఆఫ్ ఫేమ్ చూడండి. అక్కడ జీనులూ బకిల్సూ కళ్ళతో చూసిన కథలు పుస్తకంలో చదివినవాటికంటే బాగా గుర్తుంటాయి.

మా ఇంట్లో ప్రశ్నలడిగే పని గుంటూరులోని మా అమ్మ తీసుకుంది. నేను ప్రశ్నలూ జవాబులూ తెలుగులో రాసి పంపేదాన్ని. ఆవిడ రాత్రి భోజనం అయ్యాక వీడియో కాల్‌లో కళ్ళజోడు సర్దుకుని, "ఏమే, డ్రమ్ము పడితే ఎన్ని సెకన్లే?" అని అడిగేది. జవాబు తప్పితే నవ్వేది. నవ్వేవాళ్ళ ముందు తప్పు చెప్పడం అలవాటైంది కాబట్టి జడ్జి ముందు తప్పు చెప్పడానికి భయం పోయింది. ఇది మేం అనుకుని చేసింది కాదు.

తెలియని ప్రశ్న వస్తే గాల్లో మేడలు కట్టొద్దు. "ఇది నాకు ఇప్పుడు తెలియదండీ, తెలుసుకుని సాయంత్రంలోగా మీకు చెప్తాను" అనండి. అన్నాక నిజంగా వెళ్ళి చెప్పండి. చెప్పకపోతే ఆ మాట అనకపోవడమే నయం.

4. గుర్రానికి మీ టెన్షన్ అంటించకండి

పాజిటివ్‌గా ఉండటమన్నది ఈ పోటీలో ఒట్టి మాట కాకుండా పోయేది ఇక్కడే. మామూలు అందాల పోటీలో మీ భయం మీలోనే ఉంటుంది. ఇక్కడ కింద అయిదొందల కిలోల ప్రాణి ఆ భయాన్ని వింటోంది.

2009లో స్వీడన్ పరిశోధకులు ఒక తమాషా పరీక్ష చేశారు. గుర్రాలని మనుషుల చేత ఒక చోటి నుంచి ఇంకో చోటికి కొన్నిసార్లు నడిపించారు, స్వారీ చేయించారు. చివరిసారికి ముందు, "ఈసారి మీరు వెళ్తుండగా పక్కన గొడుగు ఫట్‌మని తెరుస్తాం" అని మనిషికి చెప్పారు. గొడుగు తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది. ఆ సంగతేమీ తెలియని గుర్రం గుండె వేగం కూడా పెరిగింది.

ఎలా అంటుకుంటుందో స్వారీ చేసేవాళ్ళకి తెలుసు. భయపడితే మోకాళ్ళు బిగుస్తాయి, ఒళ్ళు ముందుకి వంగుతుంది, పగ్గాలు మనవైపు లాక్కుంటాం. అప్పుడు గుర్రానికి మన కాళ్ళు "పో" అంటాయి, చేతులు "ఆగు" అంటాయి. ఏది వినాలో తెలియక తల ఎగరేస్తుంది. మనం ఇంకా బిగుసుకుంటాం. బయటినుంచి చూసేవాళ్ళకి మొండి గుర్రం కనిపిస్తుంది.

పై స్థాయి పోటీల్లో మీ గుర్రం మీకుండదు. చీటీలో ఏది వస్తే అదే ఎక్కాలి. కాబట్టి తెలియని గుర్రంతో మొదటి రెండు నిమిషాలు ఎలా గడపాలో ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

ఎదురుగా వెళ్ళకండి. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది కానీ సరిగ్గా ముక్కు ముందూ తోక వెనకా కనిపించదు. భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ రండి. తెలుగులో మాట్లాడినా ఫరవాలేదు. మా పిల్ల అన్ని గుర్రాలనీ "ఏంట్రా కన్నా" అనే పలకరిస్తుంది. దాన్ని తెచ్చినవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "దీనికి ఏది నచ్చదు?" ఈ ప్రశ్న చాలామంది అడగరు. కాలు అదిమితే ఉలిక్కిపడుతుందా, పగ్గం గట్టిగా పడితే వెనక్కి నడుస్తుందా అన్నది వాళ్ళకి తెలుసు, అడిగితే సంతోషంగా చెప్తారు.

జీను పట్టీ మీరే చూసుకోండి. ఎక్కాక వెంటనే కదలకండి. ఊపిరి పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదులుతూ మూడుసార్లు శ్వాస తీసుకోండి. వదులుతున్నప్పుడు భుజాలు దించండి, చిటికెనవేలు పట్టు సడలించండి. తర్వాత నడక, ఆపడం, రెండడుగులు వెనక్కి, రెండువైపులా ఒక్కో చిన్న చుట్టు. అంతే. ఆ కాస్త సమయంలో గుర్రానికి కొత్త విద్యలు నేర్పబోకండి.

ఇక పాటర్న్‌లో తప్పు జరిగినప్పుడు. లీడ్ తప్పితే ట్రాట్‌కి దించి మళ్ళీ అడగండి, వచ్చాక ముందుకి సాగండి. జడ్జి వైపు చూడకండి. చూపు తర్వాత వెళ్ళాల్సిన చోట ఉండాలి, ఎందుకంటే గుర్రం కూడా మీరు చూసినవైపే మొగ్గుతుంది. పూర్తయ్యాక ఎంత చెత్తగా జరిగినా సరే, గేటు దాటకముందే మెడ మీద రెండుసార్లు నిమరండి. దిగాక గుర్రం యజమానికి థాంక్స్ చెప్పండి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు. లీడ్ తప్పిన గుర్రానికి నిమరడం ఎందుకు తప్పాలి?

ఇందులో ఒక మినహాయింపు ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గుర్రం కుంటుతున్నా, నిలువునా లేస్తున్నా, మీకు తల తిరుగుతున్నా చెయ్యెత్తి చెప్పండి. నవ్వుతూ భరించడం మంచి లక్షణం అనుకుని కుంటి గుర్రాన్ని పరిగెత్తించిన అమ్మాయిని ఏ గుర్రం మనిషీ మెచ్చుకోడు. సాధనలో హెల్మెట్ కూడా అంతే, అందులో బేరం లేదు.

5. హ్యాట్, జెండా, చెడగొట్టే శనివారం

రోడియో క్వీన్ కిరీటం తల మీద ఉండదు, హ్యాట్‌కి ఉంటుంది. ఆ హ్యాట్‌తో గుర్రాన్ని పూర్తి దౌడులో అరీనా చుట్టూ తిప్పుతూ జనానికి చెయ్యి ఊపాలి. దీన్ని క్వీన్ రన్ అంటారు. హ్యాట్ లోపల నురుగు పట్టీ, జుట్టుకి పిన్నులు, హెయిర్‌స్ప్రే, ఎవరి కిటుకులు వాళ్ళవి. ఎన్ని చేసినా గాలి గాలే. చాలా పోటీల్లో హ్యాట్ పడితే మార్కులు పోతాయి.

పడకుండా చూసుకోవడం ఒకటి, పడ్డాక ఏం చేయాలో ముందే తెలిసి ఉండటం ఇంకొకటి. అందుకే మేం చెడగొట్టే శనివారం పెట్టుకున్నాం. ఆరోజు సాధనలో అన్నీ తప్పుగా జరగాలి. పిన్నులు లేకుండా హ్యాట్ పెట్టుకుని దౌడు తీయాలి. వాళ్ళ నాన్న కంచె అవతల ప్లాస్టిక్ కవర్లు ఆడిస్తాడు. నేను ప్రసంగం మధ్యలో ఫోను మోగిస్తాను. గుర్రానికి మరీ ఎక్కువ కాకుండా, నేర్పేవాళ్ళు పక్కన ఉండగానే.

మొదటి శనివారం హ్యాట్ ఎగిరినప్పుడు వెనక్కి తిరిగి చూసింది, గుర్రం దారి తప్పింది. మూడోసారికి మేం ఒక వరస పెట్టుకున్నాం. హ్యాట్ పోయిందని తెలిసిన క్షణంలో ఊపిరి వదలాలి. ఊపుతున్న చెయ్యి ఆపకూడదు. చూపు ముందుకే. గేటు దాటాక, తెచ్చి ఇచ్చినవాళ్ళ కళ్ళలోకి చూసి థాంక్స్ చెప్పి, దుమ్ము దులిపి పెట్టుకోవాలి. మొత్తం పది సెకన్లు. ఆ పది సెకన్లలో జడ్జి చూసేది హ్యాట్‌ని కాదు, మిమ్మల్ని. ఏడాదిపాటు ఊరూరా తిరగబోయే అమ్మాయి ఏదైనా తేడా వస్తే ఎలా ఉంటుందో వాళ్ళకి చూపించడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

జెండాది కూడా ఇదే వరస. బరువు రికాబు మీద ఆనించి, గుడ్డ గుర్రం కంట్లో పడకుండా పట్టుకోవడం నేర్పేవాళ్ళు చూపిస్తారు.

6. ఇంటర్వ్యూలో మొహమాటం పక్కన పెట్టండి

తెలుగు పిల్లలకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటుంది. నీ గురించి నువ్వు చెప్పుకోకూడదని పెంచుతాం. తీరా జడ్జి "నీలో మంచి గుణం ఏమిటి?" అని అడిగితే పిల్ల బూట్ల వైపు చూస్తుంది. దీనికి మందు గొప్పలు నేర్పడం కాదు. గుణం చెప్పకుండా పని చెప్పమనండి. "నేను కష్టజీవిని" అంటే గొప్పలా ఉంటుంది, ఎవరూ నమ్మరు కూడా. "పొద్దున అయిదింటికి లేచి రెండు స్టాళ్ళు పేడ ఎత్తి, స్నానం చేసి స్కూలుకి వెళ్తాను" అంటే అది సమాచారం. దానికి మొహమాటం అక్కర్లేదు.

రెండో ఇబ్బంది "నీకూ రోడియోకీ సంబంధం ఏమిటి?" అన్న ప్రశ్న. తాతలనాటి రాంచ్ ఉన్న పిల్లల మధ్య కూర్చున్నప్పుడు ఇది కాస్త గుచ్చుకుంటుంది. మొదటిసారి మా అమ్మాయి ఏదో తప్పు ఒప్పుకున్నట్టు "మా ఫ్యామిలీకి ఏమీ లేదు" అంది. తర్వాత చదువుతుంటే తెలిసింది: రోడియో ఎద్దుల్లో చాలావాటికి ఉన్న మూపురం అమెరికన్ బ్రాహ్మన్ జాతిది. ఆ జాతిని ఇండియా నుంచి వచ్చిన గిర్, గుజరాత్, నెల్లూరు, కృష్ణా వ్యాలీ పశువుల నుంచి తయారుచేశారు. నెల్లూరు అని వీళ్ళంటున్నది మన ఒంగోలు జాతినే. తర్వాతి పోటీలో అదే ప్రశ్న వచ్చింది. "మా అమ్మమ్మ వాళ్ళ వైపు పశువులు నాకంటే ముందే ఇక్కడికి వచ్చేశాయండీ" అంది. ముగ్గురు జడ్జీలూ కుర్చీల్లో ముందుకి జరిగారు. సంక్రాంతికి ఒంగోలు ఎడ్లతో బండలాగుడు పోటీలు ఎలా జరుగుతాయో చెప్పేసరికి టైమైపోయింది.

మీకు వేరే కథ ఉంటుంది. లేదని సిగ్గుపడే చోటే తవ్వి చూడండి.

గట్టి ప్రశ్నలు కూడా వస్తాయి. "రోడియో జంతువులకి క్రూరమైనది కాదా?" అన్నది తప్పకుండా సిద్ధం చేసుకోవాల్సిన ప్రశ్న. ఇక్కడ పాజిటివ్‌గా ఉండటం అంటే నవ్వుతూ దాటేయడం అనుకోకండి. అడిగినవాళ్ళని శత్రువుల్లా చూడకుండా, వాళ్ళ ఆందోళనని ముందు ఒప్పుకోండి. బ్రిటన్‌లో 1934లోనే చట్టం చేసి ఇలాంటి ఆటలని దాదాపు ఆపేశారన్నది నిజం. ప్రొఫెషనల్ రోడియో కౌబాయ్స్ అసోసియేషన్ రోడియోల్లో పశువైద్యుడు ఉండి తీరాలన్న నిబంధన ఉందన్నదీ నిజం. రెండూ చెప్పి, మీరు మీ కళ్ళతో చూసినదేమిటో చెప్పండి. మీకు ఏదైనా ఆటలో మనసు ఒప్పకపోతే దాన్ని మర్యాదగా చెప్పడం కూడా తప్పు కాదని నా అభిప్రాయం. ఇందులో అందరూ నాతో ఏకీభవించరు.

ఓటమి గురించి అడిగితే నిజమైన ఓటమే చెప్పండి. "నా లోపం ఏమిటంటే నేను మరీ ఎక్కువ కష్టపడతాను" లాంటివి జడ్జీలు విని విని విసిగిపోయి ఉంటారు. మా అమ్మాయి ఆ గేటు బయటి సంగతే చెప్పింది, "ఈ గుర్రం మొండిది" అన్న మాటతో సహా.

7. గుర్రపుశాలలో ఎవరూ చూడట్లేదు అనుకోకండి

నోరు మంచిదైతే ఊరు మంచిది. గేటు తీసేవాళ్ళకి, నీళ్ళ ట్యాంకు నింపేవాళ్ళకి, పేర్లు రాసే వాలంటీర్లకి పలకరింపు చెప్పండి. మిస్ రోడియో అమెరికాలో కంజీనియాలిటీ అవార్డు, అంటే అందరితో కలుపుగోలుగా ఉన్న అమ్మాయికిచ్చేది, ఉంటుంది. దానికి ఓటేసేది పోటీలో ఉన్న అమ్మాయిలే. జడ్జిని వారంపాటు మోసం చేయొచ్చేమో కానీ ఒకే అద్దం ముందు జుట్టు దువ్వుకునే వాళ్ళని మోసం చేయలేరు.

పిన్నులు రెండు డబ్బాలు ఎక్కువ తీసుకెళ్ళండి. ఎవరికో ఒకరికి అయిపోతాయి. ఇస్తే ఓడిపోతామేమో అన్న లెక్క మనసులోకి వచ్చిందంటే ఆరోజు మీ స్వారీ కూడా బిగుసుకుపోతుంది, ఇది నేను రెండుసార్లు చూశాను.

తల్లిదండ్రులకి ఒక మాట. పక్కవాళ్ళ పిల్ల బట్టల ఖరీదు గురించి తెలుగులో గుసగుసలాడినా మొహాలు తెలుగులో ఉండవు, అందరికీ అర్థమవుతాయి. తోలు దుస్తులు, బూట్లు, హ్యాట్లు, గుర్రం మేత, పెట్రోలు, అన్నీ కలిస్తే ఈ సరదా ఖరీదైనదే. దీనికి ఎంత పెడతారో ఇంట్లో ముందే కూర్చుని తేల్చుకోండి. అప్పు చేసి పంపిన పిల్ల నవ్వులో ఆ అప్పు కనిపిస్తుంది. కొన్ని చోట్ల ముందటేడు రాణులు దుస్తులు తక్కువకి అమ్ముతారు, అద్దెకీ ఇస్తారు. అడగడానికి నామోషీ పడకండి.

8. పేరు పిలిచాక, పిలవకపోయాక

కిరీటం వేరే అమ్మాయికి వెళ్తే మొదట చప్పట్లు మీవే అయ్యుండాలి. ఏడుపు వస్తే రానివ్వండి, ట్రక్కు ఎక్కాక. ఆరోజు మార్కుల కాగితం చూడకండి. మూడు రోజులాగి, కడుపు నిండా తిన్నాక చూడండి. ప్రతి జడ్జి మాటనీ ఒక పనిగా మార్చి రాసుకోండి. "గొంతు వినపడలేదు" అని ఉంటే "వారానికి రెండుసార్లు బార్న్ ఆ చివర నిలబడిన నాన్నకి వినపడేలా ప్రసంగం" అని. పనిగా మారని విమర్శ ఏదైనా ఉంటే, అలాంటివి ఉంటాయి, గీత ఎడమవైపుకి పంపేయండి.

గెలిస్తే అసలు పని మొదలవుతుంది. వేకువన లేచి వందల మైళ్ళు వెళ్ళాలి. స్కూళ్ళలో పిల్లలకి గుర్రం గురించి చెప్పాలి. స్పాన్సర్లతో ఫొటోలు దిగాలి. రోడియో మొదట్లో అందరూ గుర్రాల మీద ఊరేగింపుగా వచ్చే గ్రాండ్ ఎంట్రీలో జెండా మోయాలి. ఆట మధ్యలో అరీనాలో మిగిలిపోయిన దూడల్ని గుర్రం మీద బయటికి తోలాలి. వానలో కూడా. కౌంటీ కిరీటం వచ్చిన ఏడాది మా అమ్మాయి ఒక పరేడ్‌లో బురదలో జారి పడింది. లేచి, హ్యాట్ తీసుకుని, బురద చేత్తోనే జనానికి ఊపింది. నేను వీడియో తీయడం మర్చిపోయాను.

గెలిచినా ఓడినా ఒక పని సోమవారంలోగా అయిపోవాలి. థాంక్స్ ఉత్తరాలు. చేత్తో రాయండి, ప్రింట్ వద్దు. జడ్జీలకి, నిర్వాహకులకి, గుర్రం ఇచ్చినవాళ్ళకి, గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి. ఒక్కో ఉత్తరంలో ఆ మనిషి చేసిన ఒక్క పని పేరు పెట్టి రాయాలి. మా పిల్ల మొదటి ఓటమి తర్వాత పన్నెండు రాసింది. పన్నెండోది ఆ "మొండి" గుర్రం యజమానికి. క్షమాపణ ఒక వాక్యం, మిగతాదంతా గుర్రం గురించే. పదిరోజులకి ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది: శనివారాలు ఖాళీ ఉంటే వచ్చి అదే గుర్రం మీద సాధన చేసుకోవచ్చట.